లోకాన్ని కొలిచిన దొర, పక్కన నడిచిన మనిషి



1828 సెప్టెంబరు. జర్మనీలోని గోటింగెన్ పట్నంలో ఒక పెద్దమనిషి మంచం దిగనని మొండికేశాడు. వీధిలో బండి కట్టి ఉంది. బెర్లిన్‌లో జరిగే శాస్త్రవేత్తల మహాసభకు వస్తానని ఆయన ఎప్పుడో మాట ఇచ్చాడు. తీరా బయల్దేరే రోజు వచ్చేసరికి ఇల్లు కదలబుద్ధి కావడం లేదు. భార్య వచ్చి లేపుతుంటే దిండు వదలడు. ఆ పెద్దమనిషి పేరు కార్ల్ ఫ్రీడ్రిష్ గౌస్. గణితంలో ఆయనకు సాటి రాగలవాడు ఆనాడు యూరప్‌లో లేడు.

డేనియల్ కేల్‌మన్ రాసిన జర్మన్ చారిత్రక నవల ఈ దృశ్యంతో మొదలవుతుంది. నవల పేరు 'డీ ఫెర్మెస్సుంగ్ డెర్ వెల్ట్'. లోకాన్ని కొలవడం అని అర్థం. 2005లో వచ్చింది. ఇంగ్లీషులో 'మెజరింగ్ ది వరల్డ్' అనే పేరుతో మరుసటి ఏడాది వచ్చింది. కేల్‌మన్ మ్యూనిక్‌లో పుట్టి వియన్నాలో పెరిగాడు. ఈ నవల అచ్చయ్యేనాటికి ఆయనకు ముప్పై ఏళ్ళు. జర్మనీలోనే పది లక్షల ప్రతులు దాటి అమ్ముడుపోయింది. నలభైకి పైగా భాషల్లోకి వెళ్ళింది. 2012లో సినిమాగా కూడా తీశారు. ఇద్దరు శాస్త్రవేత్తల కథకు ఇంత ఆదరణ దక్కడం అరుదు. ఎందుకు దక్కిందో చెప్పుకుందాం. అంతకన్నా ముఖ్యంగా, చారిత్రక నవల అనేదాన్ని ఎలా రాయాలో, ఎలా చదవాలో ఈ పుస్తకం నేర్పే పాఠం ఒకటుంది. ఆ పాఠం మన తెలుగువాళ్ళకు ఎందుకు పనికొస్తుందో కూడా చెబుతాను.

గౌస్‌ను బెర్లిన్‌కు పిలిచినవాడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్. ఈ ప్రసంగానికి కథానాయకుడు ఆయనే. 1769 సెప్టెంబరు 14న బెర్లిన్‌లో పుట్టాడు. తండ్రి ప్రష్యా సైన్యంలో అధికారిగా పనిచేసి రాజకొలువులో చేరినవాడు. తల్లి బాగా కలిగిన ఇంటి ఆడపడుచు. బెర్లిన్ శివార్లలో టేగెల్ అనేచోట వాళ్ళకు కోటలాంటి ఇల్లుండేది. అలెగ్జాండర్‌కు పదేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. అన్న విల్హెల్మ్, తమ్ముడు అలెగ్జాండర్ ఇద్దరూ ఇంట్లోనే గురువుల దగ్గర చదువుకున్నారు. అన్న భాషాశాస్త్రంలో మహాపండితుడై, బెర్లిన్ విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టాడు. తమ్ముడు ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో చదివి గనుల అధికారి అయ్యాడు.

ఆ ఉద్యోగంలో ఉండగానే ఆయన వింత మనిషి అన్న సంగతి లోకానికి తెలిసింది. కప్ప కాళ్ళకు లోహాలు తగిలిస్తే కండరాలు ఎందుకు అదురుతున్నాయన్నది ఆ రోజుల్లో పెద్ద చర్చ. దాన్ని తేల్చుకోవడానికి హంబోల్ట్ కప్పలతో సరిపెట్టుకోలేదు. తన వీపు మీదే బొబ్బలు లేపించుకుని, చర్మం ఊడిన చోట జింకు, వెండి ముక్కలు ఆనించి, నొప్పి ఏ తీరున పాకుతోందో రాసుకున్నాడు. ఇది కేల్‌మన్ కల్పించినది కాదు, చరిత్రలో జరిగిందే. నవలలో చదువుతుంటే మాత్రం ఇది నిజమా, కల్పనా అని పాఠకుడు తడబడతాడు. ఈ తడబాటు నవల పొడుగునా మనతో ఉంటుంది. రచయిత కోరుకున్నదీ అదే.

1796లో తల్లి చనిపోయింది. పెద్ద ఆస్తి చేతికొచ్చింది. అలాంటి కుటుంబంలో పుట్టినవాడు మామూలుగా ఏం చేస్తాడు? భూములు కొంటాడు, పెళ్ళి చేసుకుంటాడు, కొలువులో పదవి సంపాదిస్తాడు. హంబోల్ట్ ఉద్యోగం వదిలేసి కొలత పరికరాలు కొన్నాడు. గాలి బరువు చూసే బారోమీటర్లు, సూర్యుడి ఎత్తు తీసే సెక్స్‌టాంట్లు, సముద్రం మీద కూడా తప్పని గడియారాలు కొన్నాడు. ఆకాశం ఎంత నీలంగా ఉందో చూసే సైయనోమీటర్ కూడా వాటిలో ఉంది. లేత నీలం నుంచి ముదురు నీలం దాకా ఛాయలన్నీ వరసగా దిద్దిన ఒక అట్టచక్రం అది. ఆకాశానికి ఎదురుగా పట్టుకుని ఏ ఛాయతో సరిపోతే ఆ అంకె రాసుకోవాలి. ఒక మనిషి తండ్రితాతల ఆస్తిని పెట్టెల్లో సర్దుకుని, ఆకాశపు నీలిమకు కూడా అంకె వేయడానికి ఓడెక్కాడంటే, ఆ పిచ్చిలో ఒక గొప్పతనం ఉంది. ఆ పిచ్చినీ, గొప్పతనాన్నీ విడదీయకుండా చూపడం కేల్‌మన్ సాధించిన పని.

పారిస్‌లో ఆయనకు ఐమె బోన్‌ప్లాన్ అనే ఫ్రెంచి యువకుడు తోడయ్యాడు. మొక్కల శాస్త్రం తెలిసినవాడు. ఇద్దరూ స్పెయిన్ రాజు అనుమతి తీసుకుని 1799 జూన్‌లో ఓడెక్కి, జూలైలో ఇప్పటి వెనిజులాలోని కుమానా రేవులో దిగారు. అక్కణ్ణుంచి ఐదేళ్ళ ప్రయాణం. ఒరినోకో నది మీద పడవలో వెళ్ళి, ఆ నదికీ అమెజాన్ నదీవ్యవస్థకూ కసికియారె అనే సహజమైన పాయ ద్వారా సంబంధం ఉందని కొలతలతో స్థిరపరిచారు. కరెంటు చేపల చెరువులోకి గుర్రాలను తోలించి, ఆ చేపలు కొట్టే దెబ్బ ఎలా ఉంటుందో చూశారు. బాణాల మొనకు పూసే కురారె విషం ఎలా తయారుచేస్తారో చూశారు. క్యూబా, కొలంబియా, ఈక్వెడార్, పెరూ, మెక్సికో తిరిగి, వాషింగ్టన్‌లో అధ్యక్షుడు జెఫర్సన్‌ను కలిసి 1804లో యూరప్ చేరారు.

నవలలో ఒక అధ్యాయం హంబోల్ట్‌ది, మరొకటి గౌస్‌ది, ఇలా మార్చి మార్చి సాగుతుంది. గౌస్ బ్రన్స్‌విక్‌లో పేదింట పుట్టాడు. బెత్తం వదలని బడి గురువు పిల్లల నోరు మూయించడానికి ఒకటి నుంచి వంద దాకా కూడమంటే, కుర్రాడు గౌస్ క్షణాల్లో ఐదువేల యాభై అని పలక పెట్టేసిన కథ మన బడుల్లో కూడా చెబుతారు. పద్దెనిమిదేళ్ళ వయసులో, స్కేలూ వృత్తలేఖినీ మాత్రమే వాడి పదిహేడు భుజాల సమబహుభుజి గీయవచ్చని రుజువు చేశాడు. ఇరవై నాలుగేళ్ళకు సంఖ్యాశాస్త్రంలో తన మహాగ్రంథాన్ని అచ్చువేశాడు. ఒకాయన లోకం చూడటానికి లోకమంతా తిరిగాడు. ఇంకొకాయన కుర్చీలోంచి లేవకుండా లోకానికి లెక్క కట్టాడు. ఎవరు ఎక్కువ దూరం వెళ్ళారు? నవల ఈ ప్రశ్న వేస్తుందే గానీ తీర్పు చెప్పదు.

ఇక దగ్గర పెట్టుకుని చూడదగ్గ ఒక దృశ్యం చెబుతాను. 1799 అక్టోబరు 28న కుమానా ప్రాంతంలో సూర్యగ్రహణం పట్టింది. గ్రహణం పట్టిన ఘడియ, విడిచిన ఘడియ సరిగ్గా నమోదు చేస్తే ఆ ఊరి రేఖాంశం తేలుతుంది. పటాల మీద ఊరి స్థానం స్థిరపడుతుంది. నవలలో హంబోల్ట్ సెక్స్‌టాంటూ గడియారమూ పట్టుకుని సిద్ధంగా ఉంటాడు. లోకం చీకటి పడుతుంది, మళ్ళీ వెలుగొస్తుంది. బోన్‌ప్లాన్ పరవశించిపోయి, చూశావా అని అడుగుతాడు. హంబోల్ట్ చూడలేదు. ఆయన కన్ను పరికరం మీద ఉంది, గడియారం మీద ఉంది. తల పైకెత్తడానికి తీరిక లేకపోయింది. ఈ ఊరి చోటు మాత్రం ఇక ఎప్పటికీ పటంలో తప్పిపోదని ఆయన తృప్తి. మరీ ఇంత జర్మన్‌వాడిగా ఉండాలా అని బోన్‌ప్లాన్ విసుక్కుంటాడు.

నాలుగు వాక్యాల దృశ్యం. నవ్వొస్తుంది. కానీ నవ్వి ఊరుకుంటే సగమే అందినట్టు. ఆ ఊరి రేఖాంశం తేలాలంటే ఎవరో ఒకరు గ్రహణం చూడటం మానుకోవాల్సిందే. విజ్ఞానానికి కొందరు అలాంటి మూల్యం చెల్లించారు. పొందినదేమిటో, పోగొట్టుకున్నదేమిటో రచయిత ఒకే చోట పెట్టి చూపించాడు. హంబోల్ట్‌ను తక్కువ చేయలేదు, ఆకాశానికీ ఎత్తలేదు.

ఇంకో దృశ్యం. నది మీద రాత్రి. తెడ్లు వేసేవాళ్ళు నలుగురు. వాళ్ళ పేర్లు కార్లోస్, గాబ్రియేల్, మారియో, హూలియో. లాటిన్ అమెరికా సాహిత్యం చదివినవాళ్ళకు వెంటనే తెలిసిపోతుంది. కార్లోస్ ఫ్వెంతెస్, గాబ్రియేల్ గార్సియా మార్కెజ్, మారియో వర్గాస్ యోసా, హూలియో కోర్తాసర్. ఆ ఖండపు మహా కథకులందరినీ కేల్‌మన్ జర్మన్ దొర పడవలో తెడ్డు వేసేవాళ్ళుగా కూర్చోబెట్టాడు. వాళ్ళ మధ్య కథలకు కొదవ లేదు. నువ్వూ ఒక కథ చెప్పవయ్యా అని హంబోల్ట్‌ను అడుగుతారు. తనకు కథలు రావంటాడు. కావాలంటే తమ భాషలో అన్నిటికన్నా అందమైన కవిత ఉంది, దాని సారం చెబుతానంటాడు. గేటే రాసిన ఆ చిన్న కవితను స్పానిష్‌లో పొడిపొడి మాటల్లో చెప్పి ముగిస్తాడు. వింటున్నవాళ్ళు తర్వాతేమైందని ఎదురుచూస్తూ ఉండిపోతారు. అన్నిటినీ కొలవగలిగిన మనిషికి నలుగురి మధ్య కూర్చుని ఒక కథ చెప్పడం చేతకాలేదు. పక్కనున్నవాళ్ళ కథలు వినే చెవి కూడా ఆయనకు లేదని ఆ అధ్యాయం అంతటా మనకు తెలుస్తూనే ఉంటుంది.

ఈ నవల వచనానికి ఒక ప్రత్యేకత ఉంది. పాత్రల సంభాషణలు కొటేషన్ గుర్తుల మధ్య కనిపించవు. ఎవరేమన్నారో అంతా కథకుడే చెబుతాడు. ఫలానావాడు వస్తానన్నాడట, రెండోవాడు వద్దన్నాడట అని మన పెద్దవాళ్ళు పూర్వం సంగతులు చెబుతారు చూడండి, ఆ పద్ధతి. జర్మన్‌లో ఇది పత్రికల్లోనూ చరిత్ర గ్రంథాల్లోనూ కనిపించే తీరు. చరిత్రకారుడి గంభీరమైన గొంతుతో, ఏ చరిత్రకారుడికీ తెలియడానికి వీల్లేని విషయాలు చెప్పడమే ఇందులోని చమత్కారం. పాత్రల మాట ఎప్పుడూ కాస్త ఎడంగా వినిపిస్తుంది. అందువల్ల మహాపురుషులు కూడా మనకు పక్కింటి పెద్దమనుషుల్లా, వాళ్ళ మొండితనాలతో, భయాలతో కనిపిస్తారు.

ఈ కథకుడు చెప్పినదంతా జరిగిందనుకోకూడదు. నవలలో కుర్రవాడైన గౌస్ నానా అవస్థలూ పడి కోనిగ్స్‌బెర్గ్ వెళ్ళి, ముసలివాడైపోయిన తత్త్వవేత్త కాంట్‌ను కలుస్తాడు. దేశకాలాల గురించి తన కొత్త ఆలోచన ఆయనకు వినిపిస్తాడు. కాంట్ అప్పటికే మతి తప్పి ఉన్నాడు, తిండి గురించి రెండు మాటలు తప్ప ఏమీ అనడు. చరిత్రలో అలాంటి భేటీ జరగలేదు. అలాగే మొదటి అధ్యాయంలో గౌస్ బెర్లిన్‌లో బండి దిగగానే, హంబోల్ట్ ఆయన్ని కదలకుండా నిలబడమంటాడు. దగ్వేర్ అనే ఆయన పెట్టెతో వచ్చి ఇద్దరి బొమ్మా పట్టబోతాడు. అంతసేపు నిలబడటం గౌస్ వల్ల కాదు. కదిలేస్తాడు. బొమ్మ చెడిపోతుంది. నిజానికి దగ్వేర్ కనిపెట్టిన ఫొటో విధానం లోకానికి వెల్లడైంది 1839లో. పదకొండేళ్ళు ముందుకు జరిపి దాన్ని ఇక్కడ పెట్టాడు రచయిత. పొరపాటున కాదు, తెలిసే పెట్టాడు. మొదటి అధ్యాయంలోనే పాఠకుణ్ణి హెచ్చరించాడన్నమాట: మహాపురుషులు కదలకుండా నిలబడితేనే బొమ్మ కుదురుతుంది, నేను వాళ్ళను కదిలిస్తున్నాను.

ఇంతవరకూ నవలను మెచ్చుకున్నాను. ఇప్పుడు నన్ను బాగా ఆలోచింపజేసిన విషయానికి వస్తాను.

1802 జూన్ 23న హంబోల్ట్ ఇప్పటి ఈక్వెడార్‌లోని చింబొరాసో పర్వతం ఎక్కాడు. ఆనాటికి లోకంలో అంతకన్నా ఎత్తయిన శిఖరం లేదని నమ్మేవారు. గాలి పలచబడి ఊపిరి ఆడలేదు. పెదవులూ చిగుళ్ళూ చిట్లి రక్తం కారింది. అయినా అడుగడుక్కీ బారోమీటర్ చూస్తూనే ఉన్నారు. చివరికి ఒక లోతైన అగాధం అడ్డొచ్చి, ఆయన లెక్క ప్రకారం సుమారు 5,880 మీటర్ల దగ్గర ఆగిపోయారు. శిఖరానికి ఇంకా దాదాపు నాలుగు వందల మీటర్లు మిగిలే ఉంది. అయినా ఒక మనిషి అంత ఎత్తుకు ఎక్కినట్టు అప్పటిదాకా ఎక్కడా నమోదు కాలేదు. హంబోల్ట్ పేరు యూరప్‌లో మార్మోగింది.

నవలలో ఈ అధ్యాయం అద్భుతంగా ఉంటుంది. గాలి చాలక హంబోల్ట్‌కూ బోన్‌ప్లాన్‌కూ భ్రమలు కమ్ముతాయి. దారిలో ఎప్పుడో తప్పిపోయిన కుక్క మళ్ళీ వెంట వస్తున్నట్టు హంబోల్ట్‌కు అనిపిస్తుంది. మంచు, మబ్బు, ఇద్దరు మనుషులు. ఇద్దరే.

చరిత్రలో మాత్రం వాళ్ళిద్దరే కాదు. వాళ్ళతోపాటు కార్లోస్ మొంతూఫర్ ఉన్నాడు. కీటోలోని ఒక గొప్ప ప్రభుకుటుంబం బిడ్డ. అప్పటికి ఇరవై ఒక్కేళ్ళ యువకుడు. అక్కడి నుంచి హంబోల్ట్ వెంటే పెరూ, మెక్సికో, అమెరికా తిరిగి, పారిస్ దాకా వచ్చాడు. తర్వాత తన దేశానికి తిరిగివెళ్ళి స్పెయిన్ పాలనకు ఎదురు నిలిచి స్వాతంత్ర్య పోరాటంలో చేరాడు. 1816లో స్పెయిన్ సైన్యం ఆయన్ని కాల్చి చంపింది. ఆ కొండ మీదికి వీళ్ళతో స్థానికుడైన ఒక దారిచూపరి కూడా ఎక్కాడు. నవలలో మొంతూఫర్ పేరే ఉండదు.

రచయితకు తెలియక వదిలేశాడా? కాదు. నవల వచ్చిన ఏడాదే కేల్‌మన్ ఒక వ్యాసాల సంపుటి ప్రచురించాడు. దాని పేరే 'కార్లోస్ మొంతూఫర్ ఎక్కడ?' అని. కథకు ఇద్దరు చాలు, మూడోవాడు వస్తే ఆ జంట మధ్య బిగి సడలుతుంది, అందుకే తీసేశానని నిర్మొహమాటంగా వివరించాడు. చారిత్రక నవలాకారుడికి చరిత్రను మార్చే హక్కు ఉందనీ, ఆ మార్పు ఎక్కడ, ఎందుకు చేశాడో తనకు స్పష్టంగా తెలిసి ఉండాలనీ ఆ వ్యాసం చదివితే బోధపడుతుంది.

నేను ఆయన హక్కును కాదనను. నవలకు నవల న్యాయం ఉంటుంది. కానీ ఆ మూడోవాడు లేకపోవడం వల్ల పోయినదేమిటో మనం చెప్పుకోవాలి. పక్కవాళ్ళ కథ వినని దొరగా హంబోల్ట్‌ను చూపించిన నవలే, ఆ దొర పక్కన నిజంగా నడిచిన ఆ దేశపు మనిషిని చెరిపేసింది. గ్రహణం వేళ హంబోల్ట్ తల ఎత్తలేదు, కొండ మీద కథకుడు పక్కకు చూడలేదు.

హంబోల్ట్ మీద పరిశోధించిన పండితులు కొందరు ఈ నవల మీద గట్టి అభ్యంతరాలు చెప్పారు. వాళ్ళ బాధలో న్యాయముంది. నిజజీవితంలో హంబోల్ట్ కళ్ళు మూసుకుని తిరిగినవాడు కాదు. కుమానాలో ఆయన బస చేసిన ఇంటి ముందరి కూడలిలోనే బానిసలను అమ్మేవారు. కొనేవాళ్ళు గుర్రాలను చూసినట్టు మనుషుల నోళ్ళు తెరిచి పళ్ళు చూడటం ఆయన కళ్ళారా చూశాడు. ఆ దృశ్యం ఆయన్ని జీవితాంతం వదల్లేదు. 1826లో క్యూబా మీద పుస్తకం ప్రచురించి, అందులో బానిసత్వాన్ని తీవ్రంగా ఖండించాడు. ముప్పై ఏళ్ళ తర్వాత అమెరికాలో ఒకాయన ఆ పుస్తకాన్ని ఇంగ్లీషులో వేస్తూ బానిసత్వం మీది అధ్యాయాన్ని ఎత్తేశాడు. ఎనభై ఆరేళ్ళ హంబోల్ట్ ఊరుకోలేదు. మిగతా పుస్తకమంతటికన్నా ఆ అధ్యాయమే తనకు ముఖ్యమని పత్రికల్లో బహిరంగంగా నిరసన తెలిపాడు. ఆదివాసుల భాషల సంపదను, ఇంకాలు వేసిన రోడ్లను, మెక్సికో ప్రాచీనుల పంచాంగ శిలను ఆయన యూరప్‌కు గౌరవంగా పరిచయం చేశాడు. బెర్లిన్‌లో 1827, 28 సంవత్సరాల్లో ఉచితంగా ఉపన్యాసాలిచ్చి, రాజకుటుంబీకుల పక్కనే సామాన్యులనూ, విశ్వవిద్యాలయ గడప తొక్కనివ్వని స్త్రీలనూ కూర్చోబెట్టాడు. ఆస్తి మొత్తం ప్రయాణానికీ, పుస్తకాల అచ్చుకూ హారతి కర్పూరమైంది. 1859లో, తొంభయ్యో ఏట పోయేనాటికి ఆయనకున్న కాస్త సామాను కూడా నౌకరుకే దక్కింది.

ఈ హంబోల్ట్ నవలలో పూర్తిగా కనిపించడు. అయితే నవలను పక్కన పడేయాలా? నేను అలా అనుకోను. నవల చదివినవాడు నవలతో ఆగిపోకూడదు, అంతే. కేల్‌మన్ మనకు ఆ పెద్దాయన మీద కుతూహలం పుట్టించాడు. కుతూహలం పుట్టినవాడు చరిత్ర చదువుతాడు. అప్పుడు మొంతూఫర్ కనిపిస్తాడు. నవల దాచిన మనిషిని వెతికి పట్టుకునే బాధ్యత పాఠకుడిది.

ఇక్కడ మన దేశం ప్రసక్తి వస్తుంది. హంబోల్ట్ హిమాలయాలు చూడాలని ఎంతో తపించాడు. చింబొరాసో కొలతలను హిమాలయాల కొలతలతో పోల్చాలన్నది ఆయన కోరిక. లండన్ వెళ్ళి ఈస్టిండియా కంపెనీ అనుమతి కోసం పలుసార్లు ప్రయత్నించాడు. స్పానిష్ వలసపాలన దుర్మార్గాలను రాసినవాడు రేపు తమ గురించీ రాస్తాడన్న భయం ఉందో ఏమో, కంపెనీ ఆయన్ని రానివ్వలేదు. చివరికి 1829లో, అరవయ్యేళ్ళ వయసులో, రష్యా జార్ ఖర్చుతో సైబీరియా మీదుగా చైనా సరిహద్దు దాకా వెళ్ళి వచ్చాడు. అది కూడా అక్కడి ప్రజల స్థితిగతుల గురించి నోరు మెదపకూడదన్న షరతు మీద. నవలలో ఆ అధ్యాయం గుండెను పిండేస్తుంది. ఎక్కడికి వెళ్ళినా విందులు, స్వాగతాలు, వెంట అధికారులు. ఒంటరిగా ఒక కొలత తీసుకోవడానికి కూడా ఆయనకు వీలు చిక్కదు. ప్రయాణంలో యవ్వనం పొందినవాడికి ప్రయాణంలోనే ముసలితనం ఎదురైంది.

తాను రాలేని భారతదేశానికి ఆయన తన సిఫారసుతో వేరేవాళ్ళను పంపగలిగాడు. ష్లాగింట్‌వైట్ సోదరులు ముగ్గురు 1854లో బొంబాయిలో దిగి, దక్కన్ దాటి మద్రాసు చేరి, తర్వాత హిమాలయాలకు వెళ్ళారు. వాళ్ళలో అడాల్ఫ్ 1857లో కాష్గర్‌లో హత్యకు గురయ్యాడు. క్రిస్టఫర్ క్లోబ్లె అనే జర్మన్ రచయిత 2020లో ఈ యాత్ర మీద ఒక చారిత్రక నవల రాశాడు. అందులో కథ చెప్పేది జర్మన్ సోదరులు కాదు, వాళ్ళకు దుబాసీగా వెళ్ళిన బొంబాయి అనాథ కుర్రాడు. పదిహేనేళ్ళ తేడాతో వచ్చిన ఈ రెండు నవలలనూ పక్కపక్కన పెట్టుకుంటే, మొదటిదాన్లో చోటు దొరకని పక్కమనిషికి రెండోదాన్లో నోరు వచ్చినట్టయింది.

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. హంబోల్ట్ కుమానాలో దిగిన 1799లోనే శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ పతనమయ్యాడు. ఆ యుద్ధంలో ఉన్న కాలిన్ మెకంజీ ఆ తర్వాత మైసూరు సర్వేకు అధిపతి అయ్యాడు. గొలుసులతో భూమిని కొలుస్తూనే ఊరూరి చరిత్రనూ, శాసనాలనూ, వంశావళులనూ సేకరించాడు. మనం మెకంజీ కైఫీయతులని చెప్పుకునేవి అవే. 1802లో, హంబోల్ట్ చింబొరాసో ఎక్కిన ఏడాదే, లాంబ్టన్ అనే సర్వేయరు మద్రాసులో త్రికోణమితి సర్వేకు ఆధారరేఖ కొలిచాడు. 1811లో మన గుత్తి దగ్గర మరో ఆధారరేఖ కొలిచాడు. తర్వాత కొన్నేళ్ళకు గౌస్ హనోవర్ రాజ్యంలో పొలాల వెంట, అడవుల వెంట తిరుగుతూ చేసిన సర్వే కూడా ఇదే పద్ధతి. నవలలో ఆ అధ్యాయాలు చదువుతుంటే గుత్తి గుట్టలు మనసులో మెదలకుండా ఉండవు.

మెకంజీకి ఇక్కడి భాషలు రావు. ఆయనకు శాసనం చదివి చెప్పిందీ, ఊరి కరణంతో మాట్లాడి కైఫీయతు రాయించిందీ ఏలూరికి చెందిన కావలి వెంకట బొర్రయ్య. తెలుగు, సంస్కృతం, కన్నడం, తమిళం, పారశీకం, ఇంగ్లీషు తెలిసినవాడు. భారతదేశపు విజ్ఞానంలోకి తనకు వాకిలి తెరిచింది బొర్రయ్యేనని మెకంజీయే చెప్పుకున్నాడు. 1803లో, ముప్పై ఏళ్ళు నిండకుండానే బొర్రయ్య పోయాడు. తమ్ముడు లక్ష్మయ్య ఆ పని భుజాన వేసుకున్నాడు. మెకంజీ చనిపోయిన తర్వాత ఆ సేకరణను తానే కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీ పెద్దలు అందుకు ఒప్పుకోలేదు. అంత పనిని నడిపే శక్తి దేశీయుడికి లేదని వాళ్ళ అభిప్రాయం. ఆ కాగితాలన్నిటినీ కూడబెట్టినవాడికే ఆ మాట చెప్పారు!

మన చారిత్రక నవలకు మంచి వారసత్వం ఉంది. అడవి బాపిరాజు గోన గన్నారెడ్డిని మనకు ఇచ్చాడు. తెన్నేటి సూరి చెంఘిజ్‌ఖాన్‌ను తెలుగు పాఠకుడి మనసులో నిలబెట్టాడు. రాజులూ వీరులూ అయ్యారు. కొలత గొలుసు పక్కన, ఎండలో, తాటాకు ప్రతులు చదువుతూ నడిచిన మనిషి మీద నవల రావాలి. బొర్రయ్య కథకు కావలసిన ముడిసరుకు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తకాలయంలో ఉంది, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆ నవల రాయబోయే యువ రచయితకు కేల్‌మన్ దగ్గర నేర్చుకోవలసినవి రెండున్నాయని నా నమ్మకం. మొదటిది, బొర్రయ్యను విగ్రహం చేయవద్దు. ఆయనకూ కోపాలుంటాయి, మొండితనం ఉంటుంది, కంపెనీ కొలువులో పనిచేయడంలోని ఇరకాటం ఉంటుంది. నవ్వు తెప్పించే ఘట్టాలుంటాయి. వాటిని దాచకుండా రాస్తేనే ఆయన గొప్పతనాన్ని పాఠకుడు నమ్ముతాడు. రెండోది, కథ కోసం దేన్ని వదిలేశావో, దేన్ని కల్పించావో నీకు తెలిసి ఉండాలి. అడిగితే చెప్పగలగాలి. కేల్‌మన్ మొంతూఫర్‌ను వదిలేశాడు, వదిలేశానని తానే ప్రకటించాడు. ఆ నిజాయితీ వల్లే ఇవాళ నాలాంటివాడు మొంతూఫర్ గురించి మీకు చెప్పగలుగుతున్నాడు.

వీలైతే ఈ నవల సంపాదించి చదవండి. ఇంగ్లీషులో సులభంగా దొరుకుతుంది. హంబోల్ట్‌నూ గౌస్‌నూ చూసి మనసారా నవ్వుకోండి, వాళ్ళ ముందు తల వంచండి. ఆ తర్వాత, మన చరిత్రలో ఏ పెద్దాయన గురించి చదివినా, ఆయన పక్కన నడిచిందెవరు, ఆయనకు చదివి చెప్పిందెవరు అని అడగండి. ఆ ప్రశ్న అడిగే పాఠకులు నలుగురు తయారైతే, దానికి జవాబుగా నవల రాసే రచయిత కూడా తప్పకుండా తయారవుతాడు.